ఎడమచేతి మాట

బుల్లయ్యకు పక్షవాతం వచ్చిన ఏడాది మిరప విరగకాసింది. ప్రత్తిపాడు దాటాక లోపలికి తిరిగే ఆ ఊళ్ళో కళ్ళాలన్నీ కాయలతో నిండిపోయాయి. చోటు చాలని వాళ్ళు తారు రోడ్డు మీదే ఒక పక్కగా ఆరబోసుకున్నారు. రెండో కోత కాయలు తిరగవేస్తూ, పార పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బుల్లయ్య పక్కకు ఒరిగాడు. ఎండదెబ్బ అనుకుని కూలీలు ముఖాన నీళ్ళు చల్లారు. ఫిబ్రవరి ఎండకు పడిపోయే మనిషి కాదని ఆయన భార్య రాఘవమ్మకు తెలుసు. నోరు ఒక పక్కకు లాగేసి ఉండటం ముందు చూసింది ఆమే.

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. డాక్టరు ప్రేమ్‌చంద్ మెల్లగా మాట్లాడే మనిషి. ప్రాణభయం తప్పిందని, కాలూ చెయ్యీ కొంత తిరిగి రావచ్చని, మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమని ఆయన రాఘవమ్మకూ ఆమె కొడుకు యలమందయ్యకూ చెప్పారు. మనం మాట్లాడేది ఆయనకు అర్థమవుతుందా అని రాఘవమ్మ అడిగింది. అవుతుందనే అనుకోండి, అన్నారు డాక్టరు.

యలమందయ్య ఒక్కడే కొడుకు. పగలంతా కళ్ళంలో ఉండి, సాయంత్రం బస్సెక్కి వచ్చేవాడు. రాత్రి వరండాలో పడుకుని తెల్లారగానే వెళ్ళిపోయేవాడు. కాయలు కళ్ళంలో ఉండగా ఇంట్లో మగవాడు లేకపోతే కుదరదు. మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి. పగలు భర్త దగ్గర రాఘవమ్మ ఒక్కతే ఉండేది.

ఆసుపత్రిలో చేర్చిన రోజే బుల్లయ్యకు మూత్రం కోసం లోపలికి గొట్టం వేశారు. గొట్టం చివర సంచి, ఆ సంచి మంచం కోడుకు కట్టి ఉంది. పక్క మంచం సుబ్బరావమ్మ ఆ సంచిని చూసి అసూయపడింది. ఆమె భర్తకు తుంటి ఎముక విరిగింది. ఆయన గంటకోసారి మూత్రానికి బెడ్‌పాన్ అడుగుతాడు.

"నీ పని హాయిగా ఉంది వదినా. మా మహరాజు పొద్దస్తమానం నన్ను లేపుతూనే ఉంటాడు. నలభై ఏళ్ళు కాఫీ కావాలన్నా నన్ను పిలవని మనిషి, ఇప్పుడు దీనికి పిలుస్తున్నాడు," అంది సుబ్బరావమ్మ. ఆ మహరాజు కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

రాఘవమ్మ కూడా అది హాయే అనుకుంది. అందుకే బుల్లయ్యకు కాస్త తెలివి వచ్చాక, ఇక గొట్టం తీసేద్దామని డాక్టరు అన్నప్పుడు ఆమెకు నచ్చలేదు. మనిషి లేవలేడు, చెప్పలేడు, పక్క తడిసిపోతుంది, ఉంచితే పోయేదేముందని అడిగింది. డాక్టరు విసుక్కోలేదు. లోపలికి పోయిన గొట్టం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు దాని వెంట క్రిములు పైకి పాకుతాయని, అది మూత్రపిండాల దాకా, అక్కణ్ణించి రక్తంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని చెప్పారు. "పత్తికాయకు చిన్న కన్నం పడితే లోపల ఏమవుతుందో మీకు నేను చెప్పాలా అమ్మా?" అన్నారు. ఆ మాట రాఘవమ్మకు పట్టింది. శనగపచ్చ పురుగు చేలను తినేసిన ఏడు ఆమెకు గుర్తే. బయటికి నున్నగా కనిపించే కాయలో పత్తి బదులు పెంట ఉండేది.

గొట్టానికి బదులుగా బయటే తొడిగే తొడుగు ఒకటుందని డాక్టరు చెప్పారు. పల్చటి రబ్బరు తొడుగు. లోపలి వైపు కాస్త అంటు ఉంటుంది, చివర సన్నటి గొట్టం, దానికి సంచి. శరీరం లోపలికి ఏదీ పోదు. రోజుకొకసారి తీసి, కడిగి, తడి లేకుండా ఆరనిచ్చి కొత్తది వెయ్యాలి. బిగించకూడదు. అంతే.

దాన్ని కొనుక్కు రావడానికి యలమందయ్య రోడ్డవతల మందుల షాపుకు వెళ్ళాడు. నర్సు కౌసర్ చీటీ రాసిచ్చింది. ఆ రోజుల్లో ఎయిడ్స్ గురించి బోర్డు లేని గోడ గుంటూరులో లేదు. ఆ బోర్డుల మీద ఉండే కండోమ్ అన్న పేరే ఈ చీటీ మీద కూడా ఉంది. షాపు నిండా జనం. యలమందయ్య చీటీని నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. షాపాయన గౌస్ బాషాది పెద్ద గొంతు. మడతలు విప్పి చదివి, పెద్ద సైజు కావాలా, మధ్య రకమా అని వీధికంతా వినబడేట్టు అడిగాడు. కౌంటరు దగ్గర కాలేజీ పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. యలమందయ్య తల దించుకుని, "నాకు కాదండీ, మా నాయనకి," అన్నాడు. దాంతో నవ్వు ఇంకా పెద్దదైంది. గౌస్ బాషా చీటీ మళ్ళీ చదివాడు. ఈసారి సంగతి అర్థమైంది.

"నవ్వుతారేంటయ్యా? మంచాన పడ్డ మనిషికి. రేపు మీకూ నాకూ ఇదే," అని ఆ పిల్లల్ని కసిరాడు. అయినా యలమందయ్య చెవులు ఎర్రబడే ఉన్నాయి. ఆ మాటే తల్లికి చెబుతూ, మళ్ళీ ఆ షాపుకు నేను పోనమ్మా అన్నాడు. రాఘవమ్మకు చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. మంచం మీద బుల్లయ్య నోరు కూడా ఒక పక్క కొంచెం కదిలిందని ఆమె అంటుంది.

వార్డులో పనిచేసే మాబు గొట్టం తీసి తొడుగు వేశాడు. చేయి తిరిగిన మనిషి. బుల్లయ్యతో సినిమా కబుర్లు చెబుతూ చెబుతూనే పని పూర్తి చేశాడు. ఆ రోజు పక్క తడవలేదు. బుల్లయ్య కదల్లేదు, మూలగలేదు. ఎడమచేత్తో ఒకసారి దుప్పటి ఎత్తి చూసుకుని మళ్ళీ కప్పుకున్నాడు. లోపల గొట్టం లేకపోవడం ఆయనకు సుఖంగా ఉందని ఆ చూపుతోనే తెలిసింది.

మర్నాడు సాయంత్రం ఆయన్ని పక్కకు తిప్పుతుంటే తొడుగు ఊడిపోయింది. మాబు డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. కౌసర్ అప్పుడే వచ్చిన ట్రాక్టరు ప్రమాదం కేసు దగ్గర ఉంది. నేను వేస్తానని రాఘవమ్మ కొత్త తొడుగు చేతిలోకి తీసుకుంది. అప్పుడే బస్సు దిగి వచ్చిన యలమందయ్య ఆమెను ఆపాడు. వార్డులో ఇంతమంది మగవాళ్ళ మధ్య అమ్మ చేత ఆ పని చేయించడం అతనికి మనస్కరించలేదు. కొడుకు ఉండి కూడా, నలుగురూ ఏమనుకుంటారు? కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు రెండుసార్లు రుద్దుకుని వచ్చాడు. దుప్పటి తెరలాగా పట్టుకుని అటు తిరిగి నిలబడమని తల్లికి చెప్పాడు. ఆమె అలాగే నిలబడింది.

మొదట కొడుకు గొంతు వినిపించింది. ఇదిగో నాయనా, అయిపోయింది నాయనా అంటున్నాడు. తరవాత ఒక అరుపు. మాట లేని మనిషి అరుపు ఎలా ఉంటుందో రాఘవమ్మ అంతవరకూ వినలేదు. వెంటనే చెంప మీద దెబ్బ పడిన చప్పుడు.

ఆమె తిరిగి చూసేసరికి యలమందయ్య చెంప పట్టుకుని నిలబడి ఉన్నాడు. బుల్లయ్య ఒళ్ళంతా మెలి తిరిగిపోతోంది. ఎడమచేత్తో ఆ తొడుగును పీకి పారేశాడు. తరవాత అదే చేత్తో కొడుకు చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. వదిలి, తన వేళ్ళు తన పెదాల మీద పెట్టుకున్నాడు. మళ్ళీ కొడుకు చెయ్యి చూపించాడు. మళ్ళీ పెదాలు.

"ఆకలేస్తోంది పాపం," అంది సుబ్బరావమ్మ.

రాఘవమ్మ పరుగెత్తుకుని రాగిజావ కలుపుకొచ్చి పట్టింది. బుల్లయ్య ఉమ్మేశాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎడమచెయ్యి చాలాసేపు అదే చెప్పి చెప్పి, చివరికి అలసిపోయి మంచం మీద పడిపోయింది.

బుల్లయ్య కొడుకు మీద ఏనాడూ చెయ్యెత్తిన మనిషి కాదు. పదో తరగతి తప్పిన రోజున కూడా ఏమీ అనకుండా, ఎడ్లకు కుడితి పెట్టరా అని పని చెప్పినవాడు. అలాంటివాడు కొట్టాడంటే యలమందయ్యకు ఒకటే అర్థం తోచింది. పరువుగా బతికిన మనిషి. కన్నకొడుకు చేత ఈ పని చేయించుకోవడం కంటే చావు మేలనుకుంటున్నాడు. రాఘవమ్మకూ అదే నిజమనిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భర్త వీధి కుళాయి దగ్గర చొక్కా విప్పి నిలబడగా ఆమె చూడలేదు.

కౌసర్ వచ్చి చూస్తే చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. రాత్రి డ్యూటీ డాక్టరు, మర్నాడు ప్రేమ్‌చంద్ గారు, ఇద్దరూ ఒకే మాట చెప్పారు. తొడుగులోని అంటు ఈయన చర్మానికి పడలేదు, ఇక అది వాడకూడదు. గుడ్డలు వేసి గంటగంటకూ మారుస్తూ ఉంటే మంచిదని ప్రేమ్‌చంద్ గారు అన్నారు. అప్పటికే బుల్లయ్య నడుం కింద చర్మం నలిగి ఉంది. తడి తగిలితే పుండు పడుతుంది. యలమందయ్య చేతులు జోడించి, లోపలి గొట్టమే వేసెయ్యమన్నాడు. మా నాయన సిగ్గుతో చచ్చిపోతాడండీ అన్నాడు. డాక్టరు రాఘవమ్మ వైపు చూశారు. ఆమె కూడా గొట్టమే వెయ్యమంది.

కొద్ది రోజులే అని చెప్పి వేశారు. కొద్ది రోజులు గడిచిపోయాయి. గొట్టం మాత్రం ఉంది. తీసేద్దామని డాక్టరు అన్నప్పుడల్లా నడుం కింద పుండు అడ్డం వచ్చింది.

ఒక మధ్యాహ్నం బుల్లయ్యకు వణుకు మొదలైంది. బయట రోడ్డు కాలిపోతుంటే లోపల ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయింది. తరవాత జ్వరం. సంచిలో మూత్రం బియ్యం కడిగిన నీళ్ళలాగా తెల్లబడింది. ప్రేమ్‌చంద్ గారు చూసి మూత్రం పరీక్షకు పంపించారు. మందులు మార్చారు. జ్వరం దిగినట్టే దిగి మళ్ళీ వచ్చింది. ఇంకొక మందు పెట్టారు. మందు ఎంత పోసినా లోపల ఆ గొట్టం ఉన్నంతకాలం క్రిమికి ఇల్లు కట్టి ఇచ్చినట్టేనని, అది తీసెయ్యాలని, తీసేస్తే పుండు సంగతి ఏమిటని ఆయన తనలో తను అనుకుంటున్నట్టు రాఘవమ్మతో అన్నారు. తొడుగు ఒక్కటి పడి ఉంటే బాగుండేదన్నారు.

రాఘవమ్మకు ఆ మాట లోపల గుచ్చుకుంది. ఆయనకు ఎందుకు పడలేదు? మాబు వేసినప్పుడు పడింది కదా. రాత్రంతా, పగలంతా ఉంది కదా. ఇలా అనుకుని, డాక్టర్ల కంటే నాకు తెలుసా అని మళ్ళీ ఆమే సర్దుకుంది. బుల్లయ్య ఇప్పుడు ఎడమచెయ్యి కూడా కదపడం మానేశాడు. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు. ఎవరినో చూసినట్టు చూస్తాడు.

ఆ వారం ఊళ్ళో కాయలు బస్తాలకు ఎత్తుతున్నారు. ఎండిన కాయలు గోనెలో పోసి, మనిషి దిగి కాళ్ళతో తొక్కి, చేతులతో కుక్కి నింపాలి. లారీ వచ్చి నిలబడితే ఆగదు. యలమందయ్య తెల్లారి దాకా ఆ పనిలోనే ఉండి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని పొద్దున్నే బస్సుకు వచ్చాడు. తండ్రి తల దగ్గర కూర్చున్నాడు. జ్వరానికి బుల్లయ్య కళ్ళ కొసల్లో పుసి కట్టి ఉంది. యలమందయ్య చూపుడువేలితో మెల్లగా తుడిచాడు.

బుల్లయ్య అరిచాడు.

ఓపిక లేక చిన్నదైన అరుపే గాని, అదే అరుపు. ఆ రోజు దుప్పటి పట్టుకుని అటు తిరిగి నిలబడి విన్న అరుపు. ఆ కన్ను గట్టిగా మూసుకుపోయింది. సందులోంచి నీళ్ళు కారుతున్నాయి. యలమందయ్య తుళ్ళిపడి లేచి, నేను దగ్గరికి వస్తేనే ఇష్టం లేదమ్మా నాయనకి అన్నాడు. కొబ్బరినీళ్ళు తెస్తానని చెప్పి మెట్ల వైపు నడిచాడు.

రాఘవమ్మ తడిగుడ్డతో భర్త కన్ను తుడిచింది. ఎన్నిసార్లు తుడిచినా ఆ కన్ను ఎరుపు తగ్గలేదు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

వాళ్ళ ఊళ్ళో కాయల కాలంలో చంటిపిల్లలకు నీళ్ళు పోసే పని కళ్ళానికి పోని ముసలమ్మలది. మిరప ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడిగితే వాసన పోతుంది గాని మంట పోదు. అది నూనెకో మజ్జిగకో తప్ప వదలదు. ఏళ్ళ తరబడి కాయలు ఏరి గట్టిపడ్డ చేతికి ఆ మంట ఉన్నట్టే తెలియదు. పసిదాని ఒంటికి తెలుస్తుంది. బిడ్డకు పాలివ్వబోతూ కూడా బాలింతలు చేతికి నువ్వుల నూనె రాసుకుని, సున్నిపిండితో రుద్దుకుంటారు. ఇదంతా రాఘవమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. కోడలికి నేర్పిందీ ఆమే. పసిపిల్లల కోసం పెట్టుకున్న ఆ జాగ్రత్త మంచాన పడ్డ ముసలివాడికి కూడా కావాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

కొడుకు కుర్చీ మీద వదిలి వెళ్ళిన తువ్వాలు తీసి దాని కొసను నాలుకకు ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తరవాత నాలుక మండింది.

ఆమె వంగి భర్త ముఖం ఎదుట తన వేళ్ళు పెదాల మీద పెట్టుకుని చూపించింది. ఆ రోజు ఆయన చేసినట్టే.

"కారమా?" అని అడిగింది.

బుల్లయ్య మంచి కన్ను తెరిచాడు. ఎడమచెయ్యి కొంచెం లేచి మంచం పట్టె మీద తట్టింది. ఆగి, మళ్ళీ తట్టింది.

ఆయనకు మొదటి రోజే తెలుసు. చిన్నప్పటి నుంచీ మిరపలోనే బతికిన మనిషికి తన ఒంటి మీద మండుతున్నది ఏమిటో తెలియకుండా ఎలా ఉంటుంది? చెప్పాడు కూడా. కొడుకు చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుని చెప్పాడు. తను జావ తెచ్చి నోట్లో పోసింది.

డాక్టరు రౌండ్లకు వచ్చే వేళైంది. యలమందయ్య కొబ్బరిబొండం పట్టుకుని మెట్లెక్కుతూ ఉంటాడు. రాఘవమ్మ ఆ కాస్త వ్యవధిలోనే ఆలోచించుకోవాల్సి వచ్చింది. వాణ్ణి ఏదో పని మీద కిందికి పంపి, డాక్టరుకు ఒక్కరికే చెబితే? కారం నా చేతిదే, నేనే ముట్టుకున్నానంటే? వాడు ఇప్పటికే తండ్రికి కంటగింపయ్యాననుకుని కుమిలిపోతున్నాడు. తండ్రి ఒంట్లో ఈ విషం నా వల్లనే అని తెలిస్తే ఆ పిల్లవాడు ఏమవుతాడు? ముప్పై దాటినా ఆమెకు వాడు పిల్లవాడే. అయితే తెలియకపోతే వాడు మళ్ళీ ముట్టుకుంటాడు. ఈ కాయల కాలం అయ్యేదాకా రోజూ ముట్టుకుంటాడు. ఇంకొక సంగతి కూడా ఉంది. తెలియకపోతే, తండ్రి తనను అసహ్యించుకుని కొట్టాడనే అనుకుంటూ బతుకుతాడు. రెంటిలో ఏది బరువో ఆమెకు తేలలేదు. మంచం మీద ఉన్నవాడికి మాత్రం తేల్చుకునే వ్యవధి లేదు.

డాక్టరు వచ్చారు. వెనక కౌసర్, ఆమె వెనక యలమందయ్య. రాఘవమ్మ కొడుకు వైపు చూడకుండా చెప్పింది.

"డాక్టరుగారూ, ఆ అంటు ఆయనకు పడుతుంది. మాబు వేసినప్పుడు పడింది. రెండోది మా అబ్బాయి కళ్ళంలోంచి వచ్చి వేశాడు. వాడి చేతికి కారం ఉంది. సబ్బుతో కడిగితే అది పోదు. ఇందాక కన్ను తుడిచాడు, చూడండి. ఆ గొట్టం తీసెయ్యండి. తొడుగు వెయ్యండి."

డాక్టరు వంగి ఆ కన్ను చూశారు. తరవాత యలమందయ్యను అడిగారు, ఆ రోజు ఏం పని చేసి వచ్చావని. మిరపలో తెల్లబడిన తాలు కాయలు ఏరి వచ్చానన్నాడు యలమందయ్య. చెప్పాక, తను చెప్పినదేమిటో అప్పుడే తనకు వినబడినట్టు ఆగిపోయాడు. బొండం కిందపెట్టి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"రెండుసార్లు కడుక్కున్నానండీ," అన్నాడు.

"నేనూ ఈ జిల్లా వాణ్ణే. నాకూ తట్టలేదు," అన్నారు డాక్టరు. అది ఓదార్పు కోసం అన్న మాటలా లేదు.

గొట్టం ఆ గంటలోనే తీసేశారు. మాబు వచ్చి, గ్లవ్స్ వేసుకుని, ముందు కొంచెం చర్మానికి తగిలించి చూసి, ఎర్రబడలేదని నిర్ధారించుకుని తొడుగు వేశాడు. ఇక నుంచి ఈ మంచం దగ్గర ఎవరు ముట్టుకున్నా గ్లవ్స్ వేసుకోవాలని డాక్టరు కౌసర్‌కు చెప్పారు. బుల్లయ్య అరవలేదు. సాయంత్రానికి కూడా ఎర్రబడలేదు. రాత్రికి జ్వరం మళ్ళీ వచ్చింది గాని, వణుకు రాలేదు. మర్నాడు ఇంకాస్త తగ్గింది. మూత్రపిండాలకు దెబ్బ తగిలిందని, అది ఎంతవరకో రక్తం పరీక్షలు చూస్తూ పోవాలని, ఇప్పుడే ధైర్యం చెప్పలేనని డాక్టరు దాచకుండా చెప్పారు. గొట్టం తీయకపోతే ఈ మాట కూడా చెప్పగలిగేవాణ్ణి కాదన్నారు.

యలమందయ్య ఊరికి వెళ్ళలేదు. వార్డులోకీ రాలేదు. మెట్ల మీదే కూర్చున్నాడు. అన్నం తెచ్చి ఇస్తే చెంచా అడిగి తిన్నాడు. కింది హోటల్లో మజ్జిగ కొనుక్కుని కుళాయి దగ్గర చేతులు రుద్దుకోవడం సుబ్బరావమ్మ చూసి వచ్చి చెప్పింది. లారీని ఏం చెయ్యమంటావని ఊరి నుంచి ఎవరో ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేయించారు. పోనీండి అని చెప్పి పెట్టేశాడట.

ఆ సాయంత్రం జ్వరం చెమటకు తడిసి పక్క బట్ట మార్చాల్సి వచ్చింది. మాబు వెళ్ళిపోయాడు. రాఘవమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. వాడే అడిగాడు.

"నాయనకి తెలుసా అమ్మా?"

"ఆ రోజే తెలుసు."

"అందుకేనా కొట్టింది?"

"మండింది, కొట్టాడు. నిన్ను కాదు."

యలమందయ్య అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించుకుని వాటినే చూస్తున్నాడు. గొట్టం వెయ్యమని అడిగింది నేనే కదమ్మా అన్నాడు. నేనూ అడిగాను, అంది రాఘవమ్మ. అంతకు మించి ఏం చెప్పినా అబద్ధమయ్యేది.

"లే. నేనొక్కదాన్నే ఎత్తలేను," అంది.

నేను ముట్టుకోనన్నాడు. ఆమె బతిమాలలేదు, కసరలేదు. లేచి వెళ్ళి కౌసర్ దగ్గర గ్లవ్స్ తెచ్చి వాడి ఒళ్ళో పెట్టి, వార్డులోకి నడిచింది. వెనక అడుగులు వినబడటానికి కొంచెం సేపు పట్టింది.

యలమందయ్య గ్లవ్స్ వేసుకున్నాడు. తండ్రి వీపు కింద చేతులు పెట్టి మెల్లగా పైకెత్తాడు. పట్టుకున్నది పుండు మీద కాదని రెండుసార్లు చూసుకున్నాడు. రాఘవమ్మ తడిసిన దుప్పటి లాగి పొడిది పరిచింది. దించారు. వాడు చేతులు వెనక్కి తీసుకోబోతుండగా బుల్లయ్య ఎడమచెయ్యి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, ఆ రబ్బరును వేళ్ళతో గిల్లి లాగింది. జారిపోతే మళ్ళీ పట్టుకుని లాగింది.

"వద్దంటున్నాడు, అబ్బాయిని పొమ్మంటున్నాడేమో," అంది పక్క మంచం నుంచి సుబ్బరావమ్మ, మెల్లగానే.

యలమందయ్య తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె ఒక మాట చెబితే చాలు, వెళ్ళిపోతాడు. లేదా గ్లవ్స్ విప్పేస్తాడు. రాఘవమ్మకు రెండు అర్థాలూ తోచాయి. కొడుకు చెయ్యి కావాలంటున్నాడని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అదే నిజం కావాలని ఎంతగా కోరుకుందో అంతగానూ ఆ మాటను ఆపుకుంది. ఆ చెయ్యి చెప్పినదానికి ఒకసారి తనకు తోచిన అర్థం చెప్పింది. ఆ అర్థం ఆయన ఒంట్లో జ్వరమై ఇంకా ఉంది.

ఆమె భర్త పక్కన మంచం అంచున కూర్చుంది. ముఖానికి దగ్గరగా వంగింది.

"ఏం కావాలో చెప్పు. తొందరేం లేదు," అంది.

బుల్లయ్య చెయ్యి ఆగింది. తల్లీ కొడుకూ కదలకుండా, అది ఇప్పుడు ఎటు కదులుతుందోనని చూస్తూ ఉండిపోయారు.